నివేదికల డేటాబేస్ సర్వర్‌కు డిస్కు నిల్వ ప్రణాళిక: వాతావరణ, పంట నమోదు సమాచారం దృష్ట్యా ఒక వివరణ

2020 అక్టోబరు 13 ఉదయం నుండి మరునాటి ఉదయం వరకు హైదరాబాదు పరిసరాలలో కురిసిన వర్షం వాతావరణ పరిశీలకులకు నేటికీ జ్ఞాపకమే. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఘట్‌కేసర్ సమీపాన సింగపూర్ టౌన్‌షిప్ వద్ద 32 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైంది. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు పగలనక రాత్రనక తమ కొలతలను కేంద్ర సర్వర్‌కు పంపుతూ ఉంటాయి. ఇటువంటి రాత్రి ఏ సమాచార వ్యవస్థపైనైనా రెండు భిన్నమైన పనులు ఒకేసారి పడతాయి. ఒకవైపు ప్రతి కేంద్రం నుండి చిన్న చిన్న నమోదులు ఆగకుండా వస్తుంటాయి. మరొకవైపు జిల్లా యంత్రాంగం, వ్యవసాయ శాఖ, పత్రికలవారు, పరిశోధకులు అందరూ అదే గంటలో నివేదికలు అడుగుతారు. గత పదేళ్లలో ఇంత వర్షం ఎన్నిసార్లు కురిసింది, ఏ మండలాలలో కోతకు వచ్చిన వరి ఎంత ఉన్నది అన్న ప్రశ్నలు కోట్లాది వరుసలను చదివించే ప్రశ్నలు. రెండు పనులూ ఒకే డిస్కుపై సాగితే, నివేదిక కోసం జరిగే పఠనం వల్ల కొత్త కొలత రాత ఆలస్యమవుతుంది. అవసరం అత్యధికంగా ఉన్న గడియలోనే వ్యవస్థ మందగిస్తుంది.

ఈ కారణంగానే నివేదికలకు వేరు డేటాబేస్ సర్వర్‌ను ఏర్పరచడం ఆనవాయితీ అయింది. అయితే ఆ సర్వర్‌కు డిస్కులు ఎన్ని, ఏ రకం, ఏ అమరికలో ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సాధారణంగా ఇచ్చే సమాధానం ఒక్కటే: ప్రధాన సర్వర్‌లో ఎన్ని గిగాబైట్లున్నవో అన్నే ఇక్కడా ఉంటే చాలును. ఈ సమాధానం రెండు విధాల తప్పు. నివేదికల సర్వర్‌కు కావలసిన స్థలం మూల సమాచారం కంటె చాలా ఎక్కువ. స్థలం సరిపోయినంత మాత్రాన వేగం సరిపోతుందన్న భరోసా కూడ లేదు.

నీటిపారుదల తెలిసినవారికి ఈ రెండో విషయం సులభంగా బోధపడుతుంది. చెరువు సామర్థ్యాన్ని ఘనపుటడుగులలో చెబుతారు. తూము సామర్థ్యాన్ని క్యూసెక్కులలో చెబుతారు. చెరువు నిండా నీరున్నా తూము చిన్నదైతే చివరి మడికి తడి అందదు. డిస్కుకు గిగాబైట్లు చెరువు వంటివి. సెకనుకు ఎన్ని మెగాబైట్లు చదవగలదు, సెకనుకు ఎన్ని వేర్వేరు చోట్లకు వెళ్లి రాగలదు అన్నవి తూము వంటివి. కొనుగోలు పత్రాలలో మొదటిది మాత్రమే కనిపించడం పెద్ద లోపం.

స్థలం లెక్క

ఒక ఊహాత్మక లెక్కతో విషయాన్ని పరిశీలించవచ్చు. 1,000 వాతావరణ కేంద్రాలు ప్రతి 15 నిమిషాలకు ఒక నమోదు పంపుతాయనుకుంటే ఏడాదికి 3.5 కోట్ల వరుసలు చేరతాయి. వర్షపాతం, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, దిశ మొదలైనవన్నీ కలిపి వరుసకు 100 బైట్లు అనుకుంటే ఏడాదికి 3.5 గిగాబైట్లు, పదేళ్లకు 35 గిగాబైట్లు అవుతుంది. ఇది విస్తరణ విభాగాలవారు అనుకునే దానికంటె ఎంతో తక్కువ. వాతావరణ కొలతలు సంఖ్యలో పెద్దవే కాని బరువులో చిన్నవి.

పంట నమోదు సంగతి వేరు. వ్యవసాయ విస్తరణ అధికారులు ప్రతి సీజనులో సర్వే నంబరు వారీగా సాగైన పంటను నమోదు చేస్తారు. రెండు సీజన్లకు కలిపి ఏడాదికి 1 కోటి నమోదులు, ఒక్కొక్కటి 300 బైట్లు అనుకుంటే 3 గిగాబైట్లు. కాని పంట నమోదు ఒకసారితో ముగియదు. మొదట పత్తి అని రాసినది విత్తనం మొలవక కంది అవుతుంది, విస్తీర్ణం సవరణకు వస్తుంది, రైతు పేరులో తప్పు దిద్దుతారు. సవరణల చరిత్రను నిలిపి ఉంచవలసిందే, ఎందుకంటే పంట మార్పిడి ఎప్పుడు, ఎక్కడ జరిగినదన్నది సేద్య విజ్ఞానానికి అత్యంత విలువైన సమాచారం. సగటున మూడు రూపాలు నిలిపినచో ఏడాదికి 9, పదేళ్లకు 90 గిగాబైట్లు అవుతుంది. వాతావరణంతో కలిపి మూల సమాచారం 125 గిగాబైట్లు.

ఇక్కడి నుండి లెక్క పెరగడం మొదలవుతుంది. ప్రధాన సర్వర్‌లో పట్టికకు ఒకటి రెండు ఇండెక్సులు చాలును. అంతకు మించితే ప్రతి రాతా భారమవుతుంది. నివేదికల సర్వర్‌లో మండలం, పంట, తేదీ, నేల రకం ఇలా పలు మార్గాలలో వెదకవలసి వస్తుంది కనుక ఇండెక్సులు మూలపట్టికతో దాదాపు సమానమవడం సహజం. అంటే 125 కాస్తా 250 అయింది. దినవారీ, వారవారీ, మండలవారీ సంక్షిప్త పట్టికలకు మరో 30 చేర్చితే 280. నిల్వ ఉండే సమాచారం ఇంతే. పని జరగడానికి కావలసిన ఖాళీ స్థలం ఇంకా లెక్కకు రాలేదు.

యాప్రాల్ ఏ జిల్లాలో ఉన్నది?

పని స్థలం ఎందుకు కావాలో ఒక ఊరి ద్వారా చెప్పడం తేలిక. సికింద్రాబాదుకు ఉత్తరాన, కంటోన్మెంటును ఆనుకొని ఉన్న యాప్రాల్ 2016 అక్టోబరు 10 వరకు రంగారెడ్డి జిల్లాలో ఉండేది. మరునాడు జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనికి వచ్చింది. ఆ రోజున తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటలతో 33 అయ్యాయి. యాప్రాల్‌లో కురిసిన వాన మారలేదు, నేల మారలేదు. కాని రంగారెడ్డి జిల్లా సగటు వర్షపాతం అన్న పట్టికలో 2015 అంకె, 2017 అంకె ఒకే భూభాగానికి చెందినవి కావు. రెండింటినీ పక్కపక్కన పెట్టి వర్షం తగ్గిందని నిర్ధారణకు వచ్చే విద్యార్థి వ్యాసాలు అరుదేమీ కాదు.

దీనికి పరిష్కారం రెండంచెలది. ప్రతి స్థలం ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఏ జిల్లాకు, ఏ మండలానికి చెందినదో తేదీలతో సహా వేరొక పట్టికలో ఉంచాలి. ఆపైన నేటి సరిహద్దుల ప్రకారం గత సంవత్సరాల సంక్షిప్త పట్టికలన్నింటినీ తిరిగి కట్టాలి. ఈ తిరిగి కట్టే పనికే డిస్కు కావాలి. కొత్త పట్టిక పూర్తయి సరిచూచుకొనే వరకు పాతదానిని తొలగించరాదు. ఆ వ్యవధిలో రెండూ డిస్కుపై ఉంటాయి. ఇండెక్సులను మళ్లీ కట్టినప్పుడూ ఇదే పరిస్థితి. 90 గిగాబైట్ల పంట పట్టిక ఒకే ముద్దగా ఉన్నచో ఇండెక్సులతో కలిపి మరో 180 గిగాబైట్లు ఖాళీగా ఉండాలి. అదే పట్టికను సంవత్సరాలవారీగా భాగాలు చేసినచో ఒక్కొక్క ఏడాది 18 గిగాబైట్లతో పని జరుగుతుంది. పట్టికను భాగాలుగా చేయడాన్ని వేగం కోసమని మాత్రమే చెబుతారు గాని, ఖాళీ స్థలం ఆదా కావడమే దాని ప్రథమ లాభమనిపిస్తుంది.

ఇదే సందర్భంలో మరొక సూక్ష్మం. భారత వాతావరణ శాఖ పద్ధతిలో వర్షపు దినం ఉదయం 8.30 గంటలకు ముగుస్తుంది. అర్ధరాత్రితో ముగిసే క్యాలెండరు దినంతో కూడినచో అక్టోబరు 13 రాత్రి వాన రెండు తేదీలకు చీలిపోతుంది. దినవారీ మొత్తాలను మాత్రమే ఉంచుకొని 15 నిమిషాల మూల నమోదులను తొలగించిన సంస్థ ఒక పద్ధతి నుండి మరొక పద్ధతికి మారలేదు. పదేళ్లకు 35 గిగాబైట్లు మిగుల్చుకోవడానికి ఈ మూల్యం చెల్లించడం తగదు.

నివేదికల ప్రశ్నలలో క్రమబద్ధీకరణ, పట్టికల కలయిక జ్ఞాపకశక్తిలో పట్టనప్పుడు సర్వర్ తాత్కాలిక ఫైళ్లను డిస్కుపై రాసుకుంటుంది. ప్రధాన సర్వర్‌లో ఇది అరుదు, ఇక్కడ నిత్యకృత్యం. ఒక పెద్ద ప్రశ్నకు 10 గిగాబైట్లు, ఏకకాలంలో ఆరు ప్రశ్నలు అనుకుంటే 60. రాత్రి పూట జరిగే పెద్ద చేర్పులకు, పునర్నిర్మాణాలకు లాగ్ స్థలం 40, బయటి నుండి వచ్చే ఫైళ్లను సరిచూచే తావుకు 20. అన్నీ కలిపి 280, 18, 60, 40, 20 మొత్తం 418 గిగాబైట్లు. డిస్కు నిండేవరకు వాడరాదు. 30 శాతం ఖాళీ ఉంచినచో దాదాపు 600. మూల సమాచారం 125 అయినప్పుడు కావలసినది దాదాపు అయిదు రెట్లు. ఈ అంకెలలో దేనినైనా స్థానిక పరిస్థితిని బట్టి మార్చుకోవచ్చును; ఏ పద్దునూ వదలివేయరాదు. తయారీదారులు గిగాబైటును వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు కనుక 1 టెరాబైటు డిస్కు కొన్ని వ్యవస్థలలో 931గా కనిపించడం కూడ లెక్కలో ఉంచుకోవాలి.

ప్రవాహం లెక్క

600 గిగాబైట్లు నేటి అంగడిలో ఒక్క డిస్కులో దొరుకుతుంది. సమస్య అక్కడ లేదు. పదేళ్ల పంట పట్టిక 90 గిగాబైట్లనూ ఆసాంతం చదవవలసిన ప్రశ్నను తీసుకుంటే, వరుసగా సెకనుకు 150 మెగాబైట్లు చదివే హార్డ్‌డిస్కుకు 10 నిమిషాలు పడుతుంది. 500 మెగాబైట్లు చదివే సాటా ఎస్‌ఎస్‌డికి 3 నిమిషాలు. 3,000 చదివే ఎన్‌వీఎంఈ డిస్కుకు ప్రాసెసర్ తట్టుకోగలిగితే అర నిమిషం. భాగాలు చేసిన పట్టికలో ఒక్క ఏడాదిని మాత్రమే చదివితే ఇవి వరుసగా 60, 18, 3 సెకన్లవుతాయి. పాత హార్డ్‌డిస్కుపై మంచి అమరిక, కొత్త డిస్కుపై అమరిక లేని పట్టిక కంటె త్వరగా జవాబిచ్చే సందర్భాలున్నవన్నది ఈ అంకెలలోనే కనిపిస్తున్నది.

అయితే హార్డ్‌డిస్కుకు ఇంకొక బలహీనత ఉన్నది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు తల చెల్లాచెదురుగా ఉన్న చోట్లకు సెకనుకు దాదాపు 100 సార్లు మాత్రమే వెళ్లి రాగలదు. ఇండెక్సు ద్వారా 1 లక్ష వరుసలను వేర్వేరు చోట్ల నుండి తేవలసి వస్తే 1,000 సెకన్లు, అంటే పావుగంటకు పైనే. ఎస్‌ఎస్‌డికి ఇదే పని కొన్ని సెకన్లది. పైగా ఇద్దరు ముగ్గురు ఒకేసారి పెద్ద పట్టికలు చదువుతుంటే, ఒక్కొక్కరిది వరుస పఠనమే అయినా డిస్కు తల వారి మధ్య పరుగులు తీయవలసి వచ్చి అందరి వేగమూ పడిపోతుంది. కావున ఇండెక్సులకు, తాత్కాలిక ఫైళ్లకు ఎస్‌ఎస్‌డి తప్పనిసరి. హార్డ్‌డిస్కులు బ్యాకప్‌లకు, ఎప్పుడో ఒకసారి తెరిచే పాత సంవత్సరాలకు తగినవి.

జ్ఞాపకశక్తి సంగతి ఇక్కడే చెప్పవలసి ఉన్నది. తరచుగా చదివే సమాచారం 50 గిగాబైట్లలోపు ఉన్నప్పుడు 64 లేదా 128 గిగాబైట్ల ర్యామ్ కొనడం మరికొన్ని డిస్కులు కొనడం కంటె లాభదాయకం. ఒకసారి చదివిన పేజీ ర్యామ్‌లో నిలుస్తుంది, మళ్లీ డిస్కు దాకా పోనవసరం లేదు.

క్లౌడ్ సేవలలో తూము లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాదులో తన ప్రాంతీయ కేంద్రాన్ని ప్రారంభించింది. దాని జీపీ3 రకం డిస్కుకు పరిమాణంతో నిమిత్తం లేకుండా ప్రాథమికంగా లభించేది సెకనుకు 3,000 చదువు–రాతలు, 125 మెగాబైట్ల ప్రవాహం. ఈ ప్రాథమిక స్థాయిలో పై 90 గిగాబైట్లను చదవడానికి 12 నిమిషాలు పడుతుంది. వరుస పఠనంలో ఇది సాధారణ హార్డ్‌డిస్కు కంటె నెమ్మది. అదనపు ప్రవాహాన్ని విడిగా కొనవలసి ఉంటుంది. ఎస్‌ఎస్‌డి అన్న పేరు చూచి వేగం ఉన్నదనుకోవడం పొరపాటు.

ప్రతి తీసే పద్ధతి

సమాచారం ప్రధాన సర్వర్ నుండి నివేదికల సర్వర్‌కు ఏ విధంగా చేరుతుందన్నదానిపై డిస్కు ప్రణాళిక చాలావరకు ఆధారపడుతుంది. ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో భౌతిక ప్రతి అంటే మూలాన్ని యథాతథంగా అనుసరించే ప్రతి. దానిలో చదవడమే గాని రాయడం కుదరదు. అదనపు ఇండెక్సులు, సంక్షిప్త పట్టికలు కట్టే వీలు లేదు. స్థలం లెక్క తేలికే, కాని నివేదికల సర్వర్ ప్రయోజనంలో సగం పోయినట్లే. మరొక చిక్కు కూడ ఉన్నది. సుదీర్ఘ ప్రశ్న నడుస్తుండగా మూలం నుండి దానితో పొసగని మార్పు వచ్చినచో, అప్రమేయ అమరిక ప్రకారం 30 సెకన్లు ఆగి ఆ ప్రశ్నను రద్దు చేస్తుంది. ఆ గడువును పెంచినచో ప్రతి వెనుకబడుతుంది. వరద రాత్రి గంట వెనుకబడిన నివేదిక ఎవరికీ పనికిరాదు.

2017లో వచ్చిన 10వ విడుదల నుండి ఆ డేటాబేస్‌లో తార్కిక ప్రతి పద్ధతి అంతర్భాగమైంది. దీనిలో ఎంపిక చేసిన పట్టికల మార్పులు మాత్రమే చేరతాయి, అవతలి వైపు తన సొంత ఇండెక్సులను, పట్టికలను కట్టుకోవచ్చును. పై 600 గిగాబైట్ల లెక్క ఈ పద్ధతికి చెందినదే.

ఏ పద్ధతిలోనైనా ఒక ప్రమాదాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. నివేదికల సర్వర్ ఎక్కడివరకు తీసుకున్నదో గుర్తు పెట్టుకునే రెప్లికేషన్ స్లాట్ అమర్చినప్పుడు, ఆ సర్వర్ ఆగిపోతే అది తిరిగి వచ్చేవరకు ప్రధాన సర్వర్ లాగ్‌ను తొలగించకుండా దాచి ఉంచుతుంది. శుక్రవారం సాయంత్రం నివేదికల సర్వర్ ఆగి, సోమవారం వరకు ఎవరూ గమనించకపోతే, ప్రధాన సర్వర్ డిస్కు నిండి కొత్త కొలతల రాతే నిలిచిపోవచ్చు. ప్రధాన సర్వర్‌ను కాపాడడానికి తెచ్చినదే దానిని కూలదోసినట్లవుతుంది. 2020లో విడుదలైన 13వ విడుదలలో ఈ నిల్వకు గరిష్ఠ పరిమితి విధించే అమరిక వచ్చింది. దానిని అమర్చడంతో పాటు మూడు రోజుల లాగ్‌కు సరిపడ స్థలాన్ని ప్రధాన సర్వర్‌లోనూ కేటాయించడం మేలు. నివేదికల సర్వర్ ప్రణాళికలో ప్రధాన సర్వర్ డిస్కు కూడ ఒక పద్దు కావడం కొందరికి వింతగా తోచవచ్చు.

అమరిక

డిస్కులను రెయిడ్ పద్ధతిలో కూర్చినప్పుడు ఒకటి చెడినా పని ఆగదు. ఒకే పరిమాణం గల నాలుగు 1 టెరాబైటు డిస్కులతో రెయిడ్ 10లో 2 టెరాబైట్లు, రెయిడ్ 5లో 3, రెయిడ్ 6లో 2 లభిస్తాయి. చిన్న, చెల్లాచెదురు రాతకు రెయిడ్ 10లో రెండు డిస్కు చర్యలు, రెయిడ్ 5లో నాలుగు, రెయిడ్ 6లో ఆరు అవసరమవుతాయి. నిరంతరం చిన్న రాతలు జరిగే ప్రధాన సర్వర్‌కు రెయిడ్ 10 తగినది. నివేదికల సర్వర్‌లో చదువే ఎక్కువ, రాతలు పెద్ద మొత్తాలలో జరుగుతాయి కనుక సమాచార పట్టికలకు ఎస్‌ఎస్‌డిలతో రెయిడ్ 5 చాలును. లాగ్‌కు, తాత్కాలిక ఫైళ్లకు వేరుగా రెండు డిస్కుల జంట ఉండాలి. అనేక టెరాబైట్ల హార్డ్‌డిస్కులతో మాత్రం రెయిడ్ 5 వద్దు. చెడిన డిస్కును మార్చి తిరిగి నింపడానికి చాలా గంటలు పట్టే ఆ వ్యవధిలో రెండోది చెడితే అంతా పోతుంది.

వీటన్నింటికంటె తరచుగా జరిగే పొరపాటు మరొకటి. సర్వర్లు రెండైనా వాటి నిల్వ ఒకే ఉమ్మడి డిస్కు పెట్టె నుండి, ఒకే డిస్కుల సమూహం నుండి వస్తుంటుంది. వర్చువల్ సర్వర్లలో ఇది పైకి కనిపించదు. కాగితంపై వేరు సర్వర్ ఉన్నది; నివేదిక అడిగినప్పుడల్లా ప్రధాన సర్వర్ మాత్రం మునుపటిలాగే మందగిస్తున్నది. ఒకే తూము నుండి రెండు కాలువలు తవ్వినట్టే ఇది. డిస్కుల సమూహం వేరా కాదా అని నిర్వహణ విభాగాన్ని వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవలసిందే.

రెండో ప్రతి ఏకైక ప్రతి అయినప్పుడు

నివేదికల సర్వర్‌కు బ్యాకప్ అనవసరమనీ, పోతే ప్రధాన సర్వర్ నుండి మళ్లీ నింపుకోవచ్చుననీ తొలినాళ్లలో అనడం సబబే. కాని రెండు మూడేళ్లలో పరిస్థితి నిశ్శబ్దంగా మారుతుంది. ప్రధాన సర్వర్‌ను తేలికగా ఉంచడానికి, నివేదికల సర్వర్‌లో ఎలాగూ ఉన్నవి కదా అని, పాత సంవత్సరాలను అక్కడ తొలగిస్తారు. ఆ రోజు నుండి రెండో ప్రతి ఏకైక ప్రతి అయింది. డిస్కుల అమరిక, బ్యాకప్ విధానం మాత్రం రెండో ప్రతికి ఉద్దేశించినవిగానే మిగిలిపోతాయి. పైగా ప్రతి తీసే పద్ధతి తొలగింపులను కూడ అంతే విధేయతతో అనుసరిస్తుంది. పొరపాటున మూలంలో తుడిచిన ఏడాది అమరిక సరిగా లేకపోతే కొద్ది సెకన్లలో ఇక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. రెయిడ్ దీనిని ఆపలేదు.

పొలంలో వేసిన ప్రయోగం దెబ్బతింటే మరుసటి ఖరీఫ్‌లో తిరిగి వేయవచ్చును. 2020 అక్టోబరు 13 నాటి వర్షాన్ని మళ్లీ కొలవడం ఎవరి తరమూ కాదు. కనుక ప్రధాన సర్వర్‌లో మొదటి తొలగింపునకు ముందే నివేదికల సర్వర్‌కు పూర్తి బ్యాకప్, అందులో ఒక ప్రతి వేరొక భవనంలో, ఏర్పాటు కావాలి. 418 గిగాబైట్లలో బ్యాకప్ అవసరమైనది మూల పట్టికలు, స్థలాల తేదీల పట్టిక మాత్రమే. ఇండెక్సులు, సంక్షిప్త పట్టికలు తిరిగి కట్టుకోగలిగినవి. ఈ లెక్కన పూర్తి బ్యాకప్ 125 గిగాబైట్లకు మించదు, కుదిస్తే ఇంకా తక్కువ. నెలకొకటి చొప్పున ఏడాది పాటు నిలిపినా 1.5 టెరాబైట్లు, ఒక సాధారణ హార్డ్‌డిస్కు చాలును.

కొనుగోలుకు ముందు కొలతలు తీసుకునే కాలాన్ని కూడ జాగ్రత్తగా ఎంచుకోవాలి. మే నెలలో ఏ సర్వర్ అయినా చురుకుగానే కనిపిస్తుంది. విత్తనాల సమయం, పంట నమోదు ముమ్మరమయ్యే వారాలు, భారీ వర్షపు దినాలు కలిసే జూన్ నుండి సెప్టెంబరు వరకు ఐఓస్టాట్ వంటి సాధనంతో ప్రతి నిమిషం డిస్కు చదువు, రాత, నిరీక్షణ సమయాలను నమోదు చేసి, సగటును కాక అత్యధిక భారం పడిన గంటను ప్రాతిపదికగా తీసుకోవాలి. కొత్త డిస్కులు వచ్చిన తరువాత ఎఫ్‌ఐఓ సాధనంతో పరీక్షించేటప్పుడు పరీక్ష ఫైలు ర్యామ్ కంటె పెద్దదిగా ఉండాలి. చిన్న ఫైలుతో చేసిన పరీక్షలో తేలేది ర్యామ్ వేగం కాని డిస్కు వేగం కాదు. ఆ పరీక్ష అయిన వారంలోనే ఒక పాత ఏడాది బ్యాకప్‌ను ఖాళీ సర్వర్‌పైకి తిరిగి ఎక్కించి, అందులో యాప్రాల్ వంటి ఏదో ఒక స్థలం వర్షపాతాన్ని పాత జిల్లా, కొత్త జిల్లా రెండింటి కిందా తీసి చూడాలి. అంకె రెండు చోట్లా ఒక్కటే వచ్చి, ఎక్కించడానికి పట్టిన గంటలు నమోదైన తరువాతనే ప్రధాన సర్వర్‌లోని పాత సంవత్సరాల తొలగింపునకు అనుమతి ఇవ్వాలి.